కొసరుకు అసలు పేరు

అక్కా,

బాగున్నావా? ఉత్తరం ఇలా మొదలుపెట్టడం చేతికి అలవాటు... రాసేశాక చూసుకున్నాను. కొట్టెయ్యబుద్ధి కాలేదు, ఉండనీ. నువ్వు పోయి పది నెలలు దాటింది.

ముందు ఇంటి సంగతులు. అమ్మ ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో తమ్ముడి దగ్గరే ఉంది. మోకాళ్లు అరిగాయి గానీ నోరు అరగలేదు. నీ ఫోటోకి దండ వెయ్యనివ్వడం లేదు. "దండేస్తే పోయినట్టే గదరా" అని తమ్ముడి మీద లేచింది. వాడు ఆ దండ పట్టుకుని ఇల్లంతా తిరిగి చివరికి దేవుడి పటానికి వేశాడు. నీ ఫోటో ఇప్పటికీ టీవీ పక్కన ఉత్తగానే ఉంది. అందులో నువ్వు కళ్లద్దాలు సర్దుకుంటూ ఎవరినో కోప్పడబోతున్నట్టు ఉంటావు.

నేనెక్కడున్నానో తెలిస్తే నవ్వుతావు. దమ్మపేటలో, నువ్వు కిరాయికున్న రెండు గదుల్లోనే ఉన్నాను. నీ మడతమంచం, నీ స్టౌ, నీ గొడుగు... నువ్వు తప్ప అన్నీ ఉన్నాయి. పనసకాయలు వచ్చిన దగ్గర్నుంచి సీజను అయ్యేదాకా ఇంటి ఓనరమ్మ వారం వారం గిన్నెడు పనసపొట్టు కూర తెచ్చిపెట్టి, "మీ అక్కగారికి ఇదంటే ప్రాణమండీ, ఎప్పుడూ ఖాళీ గిన్నే తిరిగొచ్చేది" అనేది. నీకు పనసపొట్టు పడదు కదా! ఇన్నేళ్లూ ఆ మాట ఆవిడకు చెప్పలేకపోయావా? ఆ గిన్నె ఎక్కడ ఖాళీ చేసేదానివి? ఆ శిక్ష నాకు పడింది. నేనూ చెప్పలేకపోయాను.

అసలు సంగతి వేరే ఉంది. రోజూ పొద్దున నీ గొడుగు పట్టుకుని, నీ కాలేజీకి నడిచి వెళ్లి, నీ పిల్లలకు నీ పాఠం చెప్తున్నాను. నేను! ఖమ్మంలో ఆడిటర్ గారి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, మనుషుల కంటే అంకెలే నయం, ఎదురు చెప్పవు అని నీతో వాదించిన నేను. అప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? "అంకెలకు నోరు లేదే పిచ్చిదానా. మాట్లాడేది మనుషులే. ఆ మనుషులు నేర్వకపోతే నీ అంకెలు ఎవలి కోసమే?" అన్నావు. నాకు కోపం వచ్చి ఫోను పెట్టేశాను. నీతో వాదిస్తే నాకెప్పుడూ అదే దారి.

ఎలా వచ్చి పడ్డానంటావా...

నీ పెద్దకర్మ అయిన మర్నాడు, నీ సామాన్లు తెచ్చుకుందామని కాలేజీకి వెళ్లాను. ఎంత సామానులే... ఒక స్టీలు టిఫినుడబ్బా, రంగు సుద్దముక్కల పెట్టె, చలికాలం కప్పుకునే శాలువా. అవి నా చేతికిస్తూ ప్రిన్సిపాల్ సారు తల దించుకున్నాడు. "అమ్మా, ఫస్టియర్ కామర్స్ పిల్లలు చిట్టా అయిపోయి ఆవర్జాల ఉన్నరు. ఈ అడవి మూలకు ఇప్పటికిప్పుడు ఎవరొస్తరు? మార్చిల పరీక్షలు. కొత్త పోస్టింగ్ వచ్చేదాక మీరేమన్న..." అని ఆగిపోయాడు.

జరిగిన ప్రతి బేరాన్నీ చిట్టాలో రాయడం నేర్పావు. అక్కడి నుంచి ఏ ఖాతాకు ఆ ఖాతా విడదీసి ఆవర్జాలోకి మార్చడం సగంలో ఉంది. ఆ పైన రెండు వైపులా మొత్తాలు వేసి సరిపోయాయో లేదో చూసుకునే అంకణా మిగిలింది. ఎంత, రెండు వారాల పని అనుకున్నాను. ఆడిటర్ గారికి ఫోను చేస్తే, "వెళ్లిరామ్మా, నీ కుర్చీ ఎక్కడికీ పోదు" అన్నారు. శాలువా కప్పుకుని అదే రోజు క్లాసులోకి వెళ్లాను.

పుచ్చుకున్నవారికి డెబిట్, ఇచ్చినవారికి క్రెడిట్. వచ్చినది డెబిట్, పోయినది క్రెడిట్. ఖర్చులు, నష్టాలు డెబిట్. ఆదాయాలు, లాభాలు క్రెడిట్. బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. నువ్వు నెల రోజులు సాగదీసిన పాఠాన్ని ఒక్క గంటలో మళ్లీ చెప్పేశాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పాఠం చెప్పడం నాకంత బాగా వచ్చా అని సంబరపడ్డాను... చూడు నా తెలివి.

నువ్వు పాఠం ఎట్లా చెప్పేదానివో నాకు తెలియక కాదు. ఆదివారం ఆదివారం ఫోన్లో చెప్పేదానివి కదా. నేను ఒక చెవితో విని, రెండో చెవితో టీవీ వినేదాన్ని. "డెబిట్ అంటే ఏందో ముందుగాల చెప్పకే. ఎవలు తీసుకున్నరు, ఎవలు ఇచ్చిన్రు, అది అడుగు. పని ముందు రావాలె. పేరు ఎనకాల వస్తది" అనేదానివి. అదేం పద్ధతి, పేరు లేకుండా పాఠమేంటి అని నేను వెక్కిరించేదాన్ని.

ఇక్కడికొచ్చాక ఒక్కొక్కటీ బయటపడుతోంది. పిల్లలను వారపు సంతకు తీసుకెళ్లేదానివట. ఒక్కో పిల్లనో పిల్లాడినో ఒక్కో దుకాణం దగ్గర కూర్చోబెట్టి, ఏం వచ్చింది, ఏం పోయింది రాసుకు రమ్మనేదానివట. చింతపండు అమ్మే అవ్వ దగ్గర ఒకరు, గాజులమ్మే ఆమె దగ్గర ఒకరు, ఎండుచేపల దగ్గర ఒకరు. మొదట్లో తల్లిదండ్రులు వచ్చి, సదువుకోను పంపితే సంతలు తిప్పుతున్నదేంది మేడం అని ప్రిన్సిపాల్ సారును నిలదీశారట. ఆయన ఇప్పుడు ఆ మాట చెప్పి ఎంత మురిసిపోతాడో!

మెయిన్ రోడ్డు మీద కిరాణాకొట్టు వాళ్ల అమ్మాయి ఒకతె ఉంది. తన కొట్లో బెల్లంముక్క తింటూ లెక్క రాస్తోందట. నువ్వు చూసి, "నీ కొట్టుల బెల్లం నువ్వు తిన్నా రాయాలె బిడ్డా. కొట్టు వేరు, నువ్వు వేరు" అన్నావట. సొంతవాడకాలు అనే పాఠం అంతటితో అయిపోయింది. ఆ పిల్ల ఇప్పటికీ ఆ పాఠం రాగానే నాలుక కరుచుకుంటుంది. నేనైతే దానికి నిర్వచనం రాయించి, మూడుసార్లు చదివించి, రేపు అప్పజెప్పమనేదాన్ని.

ఇంకొకటి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకుంటున్న రైతుల పిల్లలు ఒక వైపు, అడవి గూడేల పిల్లలు ఒక వైపు కూర్చునేవారట క్లాసులో. నువ్వు ఒక్కసారి కూడా నీతులు చెప్పలేదు. ఒకరు కొనాలి, ఒకరు అమ్మాలి, జంట కుదిరితేనే లెక్క అన్నావు. అటు నుంచి ఒకరిని, ఇటు నుంచి ఒకరిని జత కలిపావు. నేను వచ్చేసరికి ఎవరు ఎటు వాళ్లో చూస్తే తెలియకుండా కలిసిపోయి ఉన్నారు. నీకు ఇవన్నీ ఎవరు నేర్పారక్కా?

సరే, గొడవ సంగతికి వస్తాను. గొడవ లేకుండా నేనెక్కడ ఉంటాను?

ఆవర్జా అయ్యాక అంకణా మీద ఒక పరీక్ష పెట్టాను. సగంమందికి రెండు వైపులా మొత్తాలు కలవలేదు. కొత్తలో ఎవరికీ కలవవు, అది మామూలే. కానీ కలవని ప్రతి పేపరులోనూ, ఏ వైపు తక్కువైందో ఆ వైపు, ఆఖరున ఒక పద్దు ఉంది. "కొసరు ఖాతా." దాని ఎదురుగా తేడా అంకె. వేసేస్తే రెండు వైపులూ సమానం!

సంతలో తూకం అయ్యాక పైన ఒక గుప్పెడు వేస్తారే... ఆ కొసరు. ఇక్కడ కొసరు వెయ్యకపోతే బేరం తెగినట్టే కాదు. తక్కువైన తక్కెడలో గుప్పెడు వేసినట్టు, తక్కువైన వైపు కొసరు వేసేశారు పిల్లలు. ఒకరిని చూసి ఒకరు రాశారేమో అనుకున్నాను. కాదు, లెక్క కలవని వాళ్లందరూ రాశారు. ఆడిటర్ గారు చూస్తే ఆ రోజు భోజనం మానేసేవారు.

ఎవరు చెప్పారు ఇట్లా రాయమని అని అడిగాను. నాగమణి లేచింది. నీకు నాగమణి తెలుసు, నాకే అప్పటిదాకా సరిగ్గా తెలియదు. గూడెం నుంచి రోజూ అంత దూరం నడిచి వచ్చే పిల్ల, ముందు బెంచీ, చెవులకు చిన్న వెండి రింగులు. "సంత లెక్కలు కలవకుంటే గిట్ల పెట్టుమని మేడం చెప్పింది" అంది. మేడం అంటే వాళ్లకు నువ్వొక్కదానివే. నేను "కొత్త మేడం."

చూడండీ, మీ పేపర్లు దిద్దేవాళ్లు ఎక్కడో ఉంటారు, వాళ్లకు మీ కొసరు తెలియదు, ఎర్రగీత కొట్టి పారేస్తారు, ఇలాంటి ఖాతా లోకంలో ఎక్కడా లేదు అన్నాను. అందులో అబద్ధం ఏముంది? వాళ్ల మార్కుల కోసమే కదా నా తాపత్రయం! నాగమణి కూర్చోలేదు. "అంటే మా మేడం తప్పు నేర్పిందా?" అని అడిగింది. అంతలో బెల్లు కొట్టారు.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ వారమంతా రాలేదు. అప్పుడే మిరపకోతలు మొదలయ్యాయి. తల్లితో పాటు కోతకు పోతోందని తెలిసింది. కోతకు పోయిన ఆడపిల్ల మళ్లీ పుస్తకం పట్టడం ఎంత కష్టమో నువ్వే చెప్పేదానివి. హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరు. నువ్వు ఉండగా ఒక్కరోజు మానని పిల్ల, నేను వచ్చాక పరీక్షే పోగొట్టుకుంటే... నీకు ఏ ముఖంతో ఏం చెప్పుకోను?

మిగతావాళ్లు వచ్చేవారు. రాని బస్సు కోసం బస్టాండులో కూర్చున్నట్టు కూర్చునేవారు. నేను చెప్పింది రాసుకునేవారు, వెళ్లిపోయేవారు. కోపంగా ఉన్నా బాగుండేది. రాత్రి ఇంటికొచ్చి నీ మంచం మీద కూర్చుని నిన్ను తిట్టుకునేదాన్ని. జ్వరం వచ్చిన మనిషివి ఒక మాత్ర మింగి క్లాసుకు ఎవరు పొమ్మన్నారు నిన్ను? అది మలేరియా అని తేలి ఖమ్మం దవాఖానాకు చేర్చేసరికి నువ్వు మా ముఖాలే ఆనవాలు పట్టలేదు. వద్దులే, దాని గురించి ఇంక రాయను.

తర్వాత ఒక రోజు బోర్డు మీద నేనే ఒక అంకణా చేస్తున్నాను. పెద్ద లెక్క. కంప్యూటర్ మీద ఏళ్ల తరబడి వేలకొద్దీ చేసినదాన్ని... మొత్తాలు కొడితే కలవలేదు! క్రెడిట్ వైపు ఆరువందలు తక్కువ. పైనుంచి కిందికి చూశాను, కిందినుంచి పైకి చూశాను.  పిల్లల వైపు తిరగడానికి సిగ్గేసి బోర్డుకేసే చూస్తూ నిలబడ్డాను.

వెనక నుంచి ఎవరో మెల్లగా, "ఎద్దు తప్పిపోయింది" అన్నారు.

బెంచీలు కదిలిన చప్పుడు. ఒక పిల్లాడు వచ్చి నా చేతిలో సుద్దముక్క తీసుకుని, తక్కువైన వైపు "కొసరు 600" అని రాశాడు. అంతే, క్లాసు క్లాసంతా లేచింది. ముందు వరుస చిట్టా చదువుతోంది, రెండో వరుస ఆవర్జాతో సరిచూస్తోంది, కిటికీ వైపు వాళ్లు కూడికలు మళ్లీ వేస్తున్నారు. ఆఖరు బెంచీ వాళ్లు ఆరువందలను సగం చేసి, మూడువందలు ఎక్కడుందో వెతుకుతున్నారు. పద్దు ఒక వైపు బదులు రెండో వైపు పడితే తేడా రెట్టింపు వస్తుంది కదా, అందుకని. ఆడిటర్ గారు నాకు ఉద్యోగంలో చేరిన ఏడాదికి చెప్పిన కిటుకు అది. నువ్వు పదహారేళ్ల పిల్లలకు నేర్పి పెట్టావు!

కిరాణాకొట్టు అమ్మాయి నా పక్కకు వచ్చి చెప్పింది. గూడెంలో ఒకరి ఎద్దు అడవిలో తప్పిపోతే ఇంటికొకరు వెతకడానికి పోతారట. ఎద్దులు లేని ఇంటివాళ్లు కూడా పోతారట. ఎద్దు దొరికేదాకా ఎవరూ ఎవరినీ, ఎట్లా వదిలేశావని తిట్టకూడదట. ఎవరి లెక్క తప్పినా మేడం గట్లనే అందర్నీ లేపుతుండె, అంది.

దొరికింది. కొన్న సరుకులో వెనక్కి పంపినది క్రెడిట్ వైపు ఉండాల్సింది, నేను డెబిట్ వైపు వేశాను. మూడువందలు. ఆఖరు బెంచీ వాళ్లు అరిచిన అరుపుకి పక్క క్లాసు లెక్చరర్ వచ్చి తొంగిచూశాడు. ఒక్కరూ నన్ను వెక్కిరించలేదు. ఆ పిల్లాడు కొసరును తుడిచేశాడు. తుడుస్తుంటే అందరూ కలిసి నీ మాట అన్నారు, ఎక్కం అప్పజెప్పినట్టు... "సంతల కొసరు ఇచ్చినోడు మర్చిపోవాలె. లెక్కల కొసరు పెట్టినోడు మర్చిపోవద్దు."

అప్పుడు నాకు అర్థమైంది. తేడా ఎక్కడుందో దొరికేదాకా తాత్కాలికంగా ఒక ఖాతాలో పెట్టి ఉంచడం, దొరకగానే ఆ ఖాతా మూసెయ్యడం... అచ్చంగా పుస్తకంలో ఉన్నదే! నువ్వు తప్పేమీ నేర్పలేదు. వాళ్లకు తెలిసిన పేరుతో పని ముందు నేర్పావు, పుస్తకంలో పేరు తర్వాత చెబుదామని ఉంచావు. ఆ తర్వాతకు నువ్వు లేకుండా పోయావు.

 "దీనికి పుస్తకంలో వేరే పేరుంది, అది..." అని మొదలుపెట్టానో లేదో, క్లాసంతా ఒక్కసారి "చెప్పొద్దు, చెప్పొద్దు!" అని అరిచింది. నాగమణి లేదట. నువ్వు మాట ఇచ్చావట కదా... "మీ అంతల మీరు అంకణా కలిపిన్నాడు, అందరున్నప్పుడు, కొసరుకు అసలు పేరు చెప్త" అని. అందరూ ఉండాలి. నాగమణి లేకుండా వినరట.

అక్కా, పుస్తకం వాళ్ల సంచుల్లోనే ఉంది. వెనక పేజీల్లో ఆ పేరు పెద్ద అక్షరాలతో అచ్చయి ఉంది. ఇన్ని నెలల్లో ఒక్కరూ తిప్పి చూడలేదు. నీ నోటితో వినాలని ఉంచుకున్నారు. నువ్వు పోయాక కూడా తిప్పలేదు. నా ఉద్యోగంలో ఇన్నేళ్లు ఎందరో పెద్దమనుషులను చూశాను, ఇంత మర్యాద ఎవరికీ దక్కగా చూడలేదు.

ఆదివారం షేర్ ఆటో ఎక్కి, ఆటో ఆగిపోయిన చోటు నుంచి నడిచి, నాగమణి కోతకు వెళ్లిన చేనుకు వెళ్లాను. చేనంతా ఎర్రగా ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని వరుసలో ఉంది పిల్ల. నన్ను చూసి కూడా చూడనట్టే కోస్తోంది. ఊరికే నిలబడితే ఏం బాగుంటుందని నేనూ వరుసలోకి దిగాను. ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. ఇంక చూసుకో! గంతులేశాను. చేనులో ఆడవాళ్లంతా నవ్వారు. నాగమణి నవ్వు ఆపుకుని చెంబుతో నీళ్లు తెచ్చి నా కళ్లు కడిగింది. చేను గట్టు మీద వాళ్లమ్మ నన్ను కూర్చోబెట్టింది.

మీ మేడం తప్పు నేర్పలేదు, నేర్పింది పక్కా ఒప్పు, అన్నాను ముందుగా. ఆ పిల్ల ముఖం వదులైంది. మరి రావే, అందరూ నీ కోసమే ఆగి ఉన్నారు, పేరు చెప్పాలి అన్నాను. తల అడ్డంగా ఊపింది. ముక్కుగుడ్డ కిందికి లాగి చెప్పింది. "మేడం మాకు చెప్తా అన్నది గదొక్కటే మిగిలింది. అది కూడ ఇంకొకల నోట వింటే, మేడంది మొత్తం అయిపోయినట్టే గద."

 నాకూ అదే కదా బాధ! నీ శాలువా ఇప్పటికీ ఉతకలేదు నేను. ఉతికితే నీ వాసన పోతుందని... అమ్మ దండ వెయ్యనివ్వడం లేదు, నేను శాలువా ఉతకను, ఈ పిల్ల పేరు వినదు. ముగ్గురం ఒకే పని చేస్తున్నాం. 

వాళ్లమ్మ కలగజేసుకుంది. మిరపకాయలకు తొడిమలు తుంచుతూ, నన్ను కాదు, కూతుర్ని చూసి అంది. "కొత్తలు పెట్టేదాక కొత్త పంట నోట పెట్టం, నిజమే. పెట్టేటి పెద్దమనిషి సచ్చిపోతే? ఆ ఏడు ఊరంత పస్తులుంటదా? ఆ ఇంట్ల పుట్టినోళ్లు పెడ్తరు. అందరు తింటరు. ఈమె ఆ ఇంట్ల పుట్టిందే గద పిల్లా!"

కొత్తలంటే ఆ పండగ నీకు తెలుసు. పంట ఇంటికొచ్చినా, గూడెం పెద్ద వేలుపుకు పెట్టి పంచేదాకా గింజ ముట్టుకోరు. ఆ పెద్దరికం ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వస్తుంది. నేను నీ సామాను తీసుకోవడానికి వచ్చినదాన్ని... ఆవిడ ఒక్క మాటతో నన్ను ఏ వరుసలో కూర్చోబెట్టిందో చూడు. నాగమణి లేచి చెంబు అందుకుంది. నా కళ్లు ఇంకా మండుతున్నాయేమోనని మళ్లీ నీళ్లు తెచ్చింది.

ఆ చేను కోత అయిపోగానే వచ్చింది. ముందు బెంచీలో నీ ఎదురుగా ఎక్కడ కూర్చునేదో అక్కడే కూర్చుంది. నేను పెద్ద లెక్క ఇచ్చి, కుర్చీ తీసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఒక్క మాట సాయం చెయ్యలేదు. బోర్డు దగ్గర నాగమణి నిలబడింది, వరుసలు వరుసలుగా వాళ్లే పద్దులు చెప్పారు. ఒకసారి ఎద్దు తప్పిపోయింది, వాళ్లే వెతికి తెచ్చుకున్నారు. చివరికి రెండు గీతల కింద రెండు మొత్తాలు... అటూ ఇటూ ఒకటే అంకె.

ఎవరూ అరవలేదు ఈసారి. అందరూ నా వైపు తిరిగారు. ఎవరో లేచి పోయి తలుపు దగ్గరకు వేశారు.

"అనామతు ఖాతా" అన్నాను.

ఎవరూ కలం కదపలేదు. నాగమణి ఆ మాటను పెదాల మీద ఒకసారి అనుకుంది. తర్వాత రాసుకుంది. ఆమె రాశాక అందరూ రాసుకున్నారు. అప్పటికి నీ పాఠం పూర్తయింది, అక్కా. నేను మిగతాది గడగడా చెప్పేసి, వరండా చివర నీళ్లకుండ దగ్గరకు పోయి ఏడ్చాను. నువ్వు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆ రోజు పనులు నెత్తిన పడ్డాయి, ఏడుపుకు టైం ఏది?

పరీక్షలు రాశారు. నాగమణి కూడా రాసింది. ఇద్దరు తప్పారు, వాళ్లు కూడా సప్లిమెంటరీలో గట్టెక్కారు. నాగమణి ఇప్పుడు సెకండియర్. నన్ను ఇప్పటికీ కొత్త మేడం అనే అంటుంది. నేనూ దిద్దను.

పోస్టింగ్ మీద ఇంకా ఎవరూ రాలేదు. జూన్‌లో ప్రిన్సిపాల్ సారు మళ్లీ తల దించుకుని అడిగాడు. ఆడిటర్ గారు కూడా ఫోను చేశారు, వస్తున్నావా లేదా, కుర్చీ ఇంకా ఉంచానమ్మా అన్నారు. ఏదో ఒకటి తేల్చి చెప్తాను సార్ అని ఇద్దరికీ ఒకటే మాట చెప్పి తప్పించుకున్నాను. నిజంగానే తెలియలేదు నాకు. అక్కడ జీతం ఉంది, అమ్మ ఉంది, ఫ్యాను ఆగిపోని గది ఉంది. ఇక్కడ ఏముంది? నువ్వు కూడా లేవు కదా!

పోయిన వారం కొత్త ఫస్టియర్ పిల్లలు మొదటిసారి అంకణా వేశారు. కలవలేదు. బెంచీల మధ్య తిరుగుతూ చూస్తున్నాను... ఒక పిల్ల తక్కువైన వైపు గుట్టుగా ఒక పద్దు రాసి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొసరు! ఎవరూ చెప్పలేదు దానికి. దానంతటదే రాసింది. నన్ను చూసి బెదిరి, "గిట్ల రాయొద్దా మేడం?" అని అడిగింది.

నేను ఉండనీ అన్నాను. తర్వాత నా నోటి నుంచి నీ మాటలే వచ్చాయి, నీ యాసతో సహా. మీ అంతల మీరు కలిపిన్నాడు, అందరున్నప్పుడు, దీనికి అసలు పేరు చెప్త అన్నాను.

అనేశాక బెంచీల మధ్యే ఆగిపోయాను. పిల్లలు నా వైపు చూస్తున్నారు, నమ్మేశారు. నువ్వు కూడా ఇలాగే మామూలుగా అనేసి ఉంటావు కదా ఆ మాట? చెప్తాను అన్నప్పుడు, చెప్పేదాకా ఉంటానో లేదో అని నీకు ఒక్కసారైనా తోచిందా? తోచి ఉండదులే. తోస్తే ఎవరు మాత్రం పాఠం మొదలుపెడతారు!

ఆ సాయంత్రం ఆడిటర్ గారికి ఫోను చేసి, ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి సార్ అన్నాను. తర్వాత బజారుకు పోయి మంచి దోమతెర ఒకటి కొనుక్కొచ్చుకున్నాను. మేకులు కొట్టడానికి ఓనరమ్మ కొడుకు వచ్చాడు. నాలుగు వైపులా పరుపు కిందకి దోపుకుని పడుకుంటున్నాను. ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, క్లాసు మానేసి రక్తపరీక్షకు పోతాను. నువ్వు చెయ్యని పని అదొక్కటే, అదైనా నేను చేస్తాను.

వాళ్లకు చెప్తానని మాట ఇచ్చాను అక్కా. ఉండి చెప్తాను.

నీ చెల్లెలు,
సుధ